పూవు ఇచ్చు కూలి

ఉప్పాడ రెండు వృత్తులను నమ్ముకొని బ్రతుకు గ్రామము. సముద్రపు వైపున మత్స్యకారుల ఇండ్లు. అచ్చట వలలు, పడవలు, గాలములు. లోపలి వీధులలో నేతగాండ్ర ఇండ్లు. అచ్చట మగ్గములు, రాట్నములు, రంగురంగుల పట్టుపోగులు. కాకినాడ జిల్లాలో సముద్రపుటొడ్డున నున్న ఈ యూరి జాందానీ చీరెలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ రెండు వృత్తుల నడుమ పెరిగిన పిల్లలకు రెండు మాటలు చాల చిన్ననాడే తెలియును. ఒకటి ఎర, రెండవది కూలి.

ఎర యనగా పట్టుకొనుటకై పెట్టునది. కూలి యనగా పని చేసినందులకు ఇచ్చునది. పైకి చూచినచో రెండును ఒక్కటే వలె నుండును. రెండింటియందును ఒకరు మరియొకరికి ఏదియో ఇచ్చుచున్నారు. కాని ఎర మ్రింగిన చేప తిరిగి పోదు. కూలి పుచ్చుకొన్న మనుష్యుడు సాయంకాలమునకు ఇంటికి పోవును; మరునాడు మరల వచ్చును. ఇంత స్పష్టమైన భేదము గల ఈ రెండు మాటలలో ఏది వాడవలెనో తేల్చుట కష్టమైన చోటు ప్రకృతిలో ఒకటి కలదు. అది ఆర్కిడ్ అను పూవు యొక్క పెదవి. నేను చాల కాలముగా ఆలోచించుచున్న విషయ మిది. దానిని మీ ముందు పెట్టి, మీరును ఆలోచింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట పూవునకు గల అవసరమేమో చూతము. చెట్టునకు కాళ్ళు లేవు. తన పుప్పొడిని మరియొక చెట్టు పూవు వద్దకు చేర్చవలెనన్న అది తాను పోజాలదు. గాలి కొన్నిటికి సాయపడును. వరి, మొక్కజొన్న, సరుగుడు మొదలైనవి గాలినే నమ్ముకొన్నవి. తక్కిన పూవులు పెక్కు కీటకములను, పక్షులను నమ్ముకొన్నవి. ఒకరిచేత పని చేయించుకొనువాడు ఊరక చేయించుకొనలేడు గదా! కావున పూవు వారికి కూలి ఇచ్చును. ఆ కూలి సాధారణముగా రెండు విధములు. ఒకటి తేనె, అది తియ్యని శక్తి. రెండవది పుప్పొడి, అది మాంసకృత్తులతో నిండిన బలమైన ఆహారము. పెద్ద తేనెటీగ తేనె త్రావి ఎగురగలదు గాని, దాని పిల్లలు పెరుగుటకు పుప్పొడి కావలెను. మన బిడ్డలకు పప్పు, పాలు ఎట్టివో, తేనెటీగ బిడ్డలకు పుప్పొడి అట్టిది. అందుచేతనే తేనెటీగ పూవు పూవుకు తిరిగి కాళ్ళనిండ పసుపుపచ్చని పుప్పొడి మూటలు కట్టుకొని పోవుచుండును. ఆ మూటలలో చేరక దాని ఒంటి నూగుకు అంటుకొని మిగిలిన రేణువులే పూవుల పని నెరవేర్చును.

ఇక ఆర్కిడ్ల సంగతి. ఈ కుటుంబములో ఇంచుమించు 28,000 జాతులు కలవు. పుష్పించు మొక్కలలో ఇంత పెద్ద కుటుంబములు చాల అరుదు. పూలదుకాణములలో కనబడు ఖరీదైన పూలు మాత్రమే ఆర్కిడ్లని కొందరనుకొందురు. అది సరి కాదు. మన గోదావరి ప్రాంతపు పాత మామిడి తోటలలో చెట్ల కొమ్మలను పట్టుకొని, త్రాళ్ళవంటి తెల్లని వేళ్ళను గాలిలోనికి వ్రేలాడదీసి, దళసరి ఆకులతో పెరుగు మొక్కను మీరు చూచియే యుందురు. పల్లెవాసులు దానిని గూడ బదనిక యనియే పిలుతురు. కాని నిజమైన బదనిక చెట్టు రసమును పీల్చి బ్రతుకును. ఆర్కిడ్ అట్లు చేయదు. అది చెట్టును నిలువనీడగా మాత్రమే వాడుకొనును. దాని వేళ్ళను కప్పియుండు స్పంజివంటి తెల్లని పొర వాన నీటిని, మంచును పీల్చుకొని దాచుకొనును. తన అన్నమును తన యాకులతో తానే వండుకొనును. ఇంటిలో అద్దెకున్నవానికిని, ఇంటిని దోచుకొనువానికిని ఎంత భేదమున్నదో, ఈ రెండు మొక్కలకును అంత భేదమున్నది. పేరు ఒక్కటే యగుటచే పాపము ఆర్కిడ్ చేయని దొంగతనమునకు నింద మోయుచున్నది.

ఈ మామిడిచెట్టు ఆర్కిడ్‌ను లోకమునకు పరిచయము చేసిన పని మన ప్రాంతములోనే జరిగినది. ఉప్పాడనుండి ఒక పూటలో పోయి రాదగిన దూరమున సామర్లకోట యున్నది. స్కాట్లండు దేశస్థుడైన విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా 1781లో అచ్చటికి వచ్చి, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై వెడలువరకు ఈ ప్రాంతపు మొక్కలను పరిశీలించెను. ఆయన స్థానికులైన చిత్రకారులను నియమించి మొక్కల బొమ్మలు వ్రాయించెను. వానికి ప్రజలు వాడు తెలుగు పేర్లను గూడ అడిగి వ్రాసికొనెను. ఆ బొమ్మలనుండి ఎన్నుకొన్న 300 చిత్రములు 'కోరమాండల్ తీరపు మొక్కలు' అను అర్థము గల పేరుతో 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో వెలువడినవి. మన మామిడిచెట్టు ఆర్కిడ్ మొదటి సంపుటములోనే కనబడును. దాని నేటి శాస్త్రీయ నామము వాండా టెస్సెల్లేటా. వాండా యనునది 'వందా' అను సంస్కృత పదమే. చెట్టుపై పెరుగు మొక్కయని దాని భావము. టెస్సెల్లేటా యనగా గళ్ళు గలది. గోధుమరంగు గళ్ళు నేసినట్లుండు దాని రేకులను చూచినచో, ఉప్పాడ నేతగాడెవడైనను ఆ పేరు తగియున్నదనియే చెప్పును. ఆ చిత్రములను వ్రాసిన మన చిత్రకారుల పేర్లు పుస్తకముతో పాటు పేరు పొందలేదు. వారి కన్నులు మాత్రము ఆ పుటలలో ఇంకను చూచుచున్నవి.

ఆ పూవును సావకాశముగా చూడుడు. ఆర్కిడ్ పూవులో రేకులన్నియు ఒక్క తీరున నుండవు. ఒక రేకు తక్కినవాటికంటె భిన్నమై, రంగులోను ఆకారములోను ప్రత్యేకముగా నుండును. దానినే పెదవి యందురు. వచ్చు కీటకమునకు అదియే అరుగు, అదియే వాకిలి. పెదవికి ఎదురుగా పూవు నడుమ ఒక చిన్న స్తంభ ముండును. సామాన్యపు పూవులలో వేరువేరుగా నుండు కేసరములును, కీలమును ఇందులో ఏకమైపోయి ఆ స్తంభముగా నేర్పడినవి. దాని కొన యందలి గూటిలో పుప్పొడి యుండును. అయితే అది మందారములో వలె రాలు పొడి కాదు. పుప్పొడి రేణువులన్నియు కూడి గట్టి ముద్దలై, పెక్కు జాతులలో ఒక జిగురు బిళ్ళకు అంటుకొని యుండును. కీటకము లోనికి దూరి వెనుకకు మరలునప్పుడు ఆ బిళ్ళ దాని తలకో వీపునకో తగిలి అంటుకొనును. ముద్దలు మొత్తముగా ఊడి వచ్చును. ఆ కీటకము మరియొక పూవులో దూరినప్పుడు ఆ ముద్దలు అచ్చటి కీలాగ్రమును తాకును. అంతటితో పని పూర్తియగును.

చార్లెస్ డార్విన్ ఆర్కిడ్ల పరాగసంపర్కమును గూర్చి 1862లో ఒక గ్రంథమును ప్రకటించెను. అందులో ఆయన చేసిన ఒక పరీక్ష మన తరగతి గదిలోను చేయదగినంత సులభమైనది. సన్నగా చెక్కిన పెన్సిలు కొనను పూవులోనికి కీటకము వలె దూర్చి తీసినచో, పుప్పొడి ముద్దలు పెన్సిలుకు అంటుకొని వచ్చెను. నిట్టనిలువుగా నున్న ఆ ముద్దలు ఇంచుమించు అర నిమిషములో తమంతట తాము ముందుకు వంగెను. ఎందుకు? నిలువుగా నున్నచో అవి రెండవ పూవులో మరల పుప్పొడి గూటికే తగులును. వంగినందువలన సరిగా కీలాగ్రమునకు తగులును. కీటకము ఒక పూవునుండి మరియొక పూవునకు పోవుటకు పట్టు కాలమును ఆ వంగుట కొలిచియున్నట్లున్నది.

ఇచ్చటనే ఆర్కిడ్‌కు ఒక చిక్కు వచ్చినది. ఇతర పూవుల పుప్పొడి చిల్లర నాణెముల వంటిది. కొంత తేనెటీగకు కూలిగా ఇచ్చినను, కొంత మిగిలి పని జరుగును. ఆర్కిడ్ పుప్పొడి అట్టిది కాదు; ఉన్న ధనమంతయు ఒక్క మూటగా కట్టియుంచినట్టిది. ఆ మూటను తేనెటీగ తినివేసినచో పూవునకు సంతానమే లేదు. కావున ఆర్కిడ్ పుప్పొడిని కూలిగా ఇయ్యజాలదు. మరి తేనెటీగ బిడ్డలకు కావలసినది పుప్పొడియే. ఇచ్చువానివద్ద ఆ సరకు లేదు. పుచ్చుకొనువానికి ఆ సరకే కావలెను. ఇట్టి చోట బేర మెట్లు కుదురును?

కొన్ని ఆర్కిడ్లు తేనె నిచ్చి సరిపెట్టుకొన్నవి. కొన్ని పరిమళద్రవ్యములను ఇచ్చును. ఈ కుటుంబములో ఇంచుమించు మూడవ వంతు జాతులు మాత్రము ఏమియు ఇయ్యకయే పని చేయించుకొనుచున్నవి. యూరపు ఖండపు దక్షిణ భాగమున ఓఫ్రిస్ అను ఆర్కిడ్లు కలవు. వాని పెదవి రంగులోను, నూగులోను, వాసనలోను ఆడ తేనెటీగను పోలియుండును. మగ తేనెటీగ జతకై వచ్చి, మోసపోయి, పుప్పొడి ముద్దలను మోసికొని పోవును. చైనాలోని సిప్రిపీడియం జాతి ఆర్కిడ్ ఒకటి పేనుబంకను అనుకరించునని 2020లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. దాని పెదవిమీది తెల్లని నూగు కుచ్చులు పేనుబంక పట్టిన చోటు వలె కనబడును. పేనుబంకను వెదకికొని తిరుగు పూల ఈగలు దానిని చూచి వచ్చును. మన రైతుకు పేనుబంక శత్రువు. ఆ పూల ఈగకు అదియే సంపద. ఆ సంగతి ఎరిగినట్లు పూవు తన పెదవిమీద ఆ బొమ్మను నేసికొన్నది.

ఒకవైపు నిజాయితీగా తేనె ఇచ్చునవి. మరియొక వైపు మోసగించునవి. ఈ రెంటికి నడుమ మూడవ తెగ ఒకటి యున్నది. దానిని గూర్చి చెప్పుటకే ఇంత దూరము వచ్చితిని.

దక్షిణ అమెరికా, మధ్య అమెరికా అడవులలో మాక్సిల్లేరియా అను ఆర్కిడ్లు కలవు. వానిలో కొన్నిటి పెదవిమీద తెల్లని లేక పసుపుపచ్చని పొడి చల్లినట్లుండును. చూచినవారు పుప్పొడి రాలినదనుకొందురు. 1886లో యాన్సె అను హాలెండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పొడిని గూర్చి వ్రాయుచు, అది పుప్పొడి కాదనియు, పుప్పొడిని అనుకరించు రేణువులనియు ప్రకటించెను. సూక్ష్మదర్శినిలో చూచినచో దాని రహస్యము తెలియును. పెదవిమీద సన్నని కేశములు మొలచును. ఒక్కొక్క కేశము పూసల దండవలె గుండ్రని కణములు ఒకదాని కొనయందొకటి చేరి యేర్పడినది. పూవు విచ్చుకొన్న పిమ్మట ఆ దండ తెగి పూసలు వేరువేరగును. ఆ విడి పూసలే మన కంటికి పుప్పొడి వలె కనబడును. దీనిని శాస్త్రజ్ఞులు మిథ్యా పుప్పొడి యందురు. ఇది విత్తనమును పుట్టింపజాలదు. దీని పని యెల్ల అతిథిని పిలుచుటయే.

అతిథి వచ్చి యేమి చేయును? ఈ రేణువులను గీరి పోగుచేసికొనును. ఆ పనిలో నిమగ్నమై లోనికి జరుగును. పైనున్న స్తంభము దాని వీపునకు తగులును. జిగురు బిళ్ళ అంటుకొనును. కీటకము తన మూటతో పాటు పూవు మూటను గూడ మోసికొని లేచును. ఒక మూట దాని బిడ్డలకు. రెండవది పూవు బిడ్డలకు.

ఈ తెగకు చెందిన ఆర్కిడ్ మనకు దూరపు దేశములలోనే యున్నదనుకొనవలదు. పాలిస్టాకియా కాంక్రేటా అను చిన్న ఆర్కిడ్ ఆఫ్రికాలోను, అమెరికా ఉష్ణప్రదేశములలోను, శ్రీలంకలోను, మన దేశమున తూర్పు కనుమల అడవులలోను చెట్లమీద పెరుగును. పూవులు చాల చిన్నవి. ఆకుపచ్చ కలిసిన పసుపు వన్నె. తక్కిన ఆర్కిడ్లలో పెదవి సాధారణముగా క్రింది భాగమున నుండగా, దీనిలో పైకి నుండి గొడుగువలె కప్పును. ఆ పెదవి లోపలివైపున పిండి రాచినట్లు కేశములుండును. అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ జాతిని పరిశీలించిన శాస్త్రజ్ఞుడు చిన్న ఒంటరి తేనెటీగలు వచ్చి ఆ కేశములను పోగుచేసికొనుట చూచెను. ఆ విషయమును 1977లో ప్రకటించెను. 2006లో బ్రెజిల్ దేశమున దాని బంధువైన మరియొక పాలిస్టాకియా విషయమున గూడ అట్టి సంగతియే వెల్లడియైనది.

ఇక అసలు ప్రశ్న. ఇది ఎరయా, కూలియా? పేరులోనే 'మిథ్య' యున్నది. పుప్పొడి కానిదానిని పుప్పొడి వలె చూపుట మోసము కాదా? ఒకనాటి సాయంకాలము ఈ సంగతిని ఉప్పాడలో ఒక నేతగాని ఇంటి అరుగుమీద కూర్చుండి చెప్పితిని. పొరుగువాడైన ఒక వృద్ధ మత్స్యకారుడు గూడ అచ్చట నుండెను. అంతయు విని మొదట ఆయనయే అనెను:

"ఇందులో ఆలోచించడానికేముందండీ మాస్టారూ? ఎరే. గాలానికి మేం గుచ్చే రొయ్య కూడా చేపకి తిండిలాగే కనపడుద్ది. కనపడకపోతే చేప వస్తదా అండీ?"

నేతగాడు చేతిలోని పోగును చూచుచు నవ్వి, "ఒక్క మాటడగనా బాబాయ్? నీ ఎర తిన్న చేప పిల్లల దగ్గరికి పోద్దా?" అని యడిగెను.

"పోనిత్తే నేనేం తినాలి?" అని వృద్ధు డనెను.

"అదీ సంగతి. ఈ ఈగ పోతందంటున్నారు కదా మాస్టారు. మూట కట్టుకుని మరీ పోతందంట. మరి ఎరెట్లా అవుద్ది?"

వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, "అయితే ఆ మూటలో ఏముందో చూడాలండి," అనెను. "పిల్లలకి పెడితే బలం వచ్చేదయితే కూలే. ఊకయితే మాత్రం మోసమే. గంప నిండినంత మాత్రాన కడుపు నిండదు కదండీ."

నేతగాడు తల యూపెను. "మా జరీ కూడా అంతేనండీ. అసలు జరీలో వెండి ఉంటది. నకిలీ జరీ కూడా మెరుస్తది. నకిలీని అసలని చెప్పి అసలు ధర గుంజితే అది పాపం. ఉన్నదున్నట్టు చెప్పి దానికి తగ్గ ధర పుచ్చుకుంటే పాపం లేదు. మెరుపు చూసి తేల్చకూడదండీ. గీటు పెట్టి చూడాలి."

బడిలో సైన్సు చదువని ఆ యిద్దరును శాస్త్రజ్ఞులు చేసిన పనినే చేయుమనిరి. మూటలో ఏమున్నదో చూడవలెను, గీటు పెట్టవలెను. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఆస్ట్రియాకు చెందిన ఓటో పోర్ష్ ఈ కేశములను పరీక్షించి, వానిలో ఆహారపదార్థములు కలవని చూపెను. 2000వ సంవత్సరము మొదలు బ్రిటనులో కెవిన్ డేవీస్, ఆయన సహచరులు మాక్సిల్లేరియా, పాలిస్టాకియా, ఏరియా మొదలైన ప్రజాతుల కేశములను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితోను, రంగుల పరీక్షలతోను శోధించిరి. వారు పరీక్షించిన పెక్కు జాతుల కేశములలో మాంసకృత్తులు కనబడినవి. కొన్నిటిలో పిండిపదార్థమును ఉన్నది. తేనెటీగ బిడ్డలకు పుప్పొడిలో ముఖ్యముగా కావలసినది మాంసకృత్తులే గదా! అనగా ఈ మూటలో నున్నది ఊక కాదు. పేరు పుప్పొడి కాకపోయినను, పస పుప్పొడిదే.

అయితే అన్ని జాతులలోను ఒకే విధముగా లేదు. కొన్నిటి కేశములు ఆహారముతో నిండియున్నవి. కొన్నిటిలో అది స్వల్పము. ఒకే కుటుంబమున ధర్మముగా కూలి ఇచ్చు గృహస్థు, అరకూలి ఇచ్చు లోభి, మాటలతో సరిపెట్టు మాయగాడు ముగ్గురును ఉన్నారు. పూవునకు మంచి చెడ్డల ఆలోచన లేదు. వేలకొలది తరములుగా ఏ పద్ధతి చేత విత్తనము పండినదో ఆ పద్ధతి నిలిచినది. కాని చూచు మనకు ఆలోచన యున్నది. అందుచేత ఒక దానిని మోసమని నిందించుటకు ముందును, దానమని పొగడుటకు ముందును, పుచ్చుకొన్నవాడు ఇంటికేమి తీసికొనిపోయెనో చూడవలెను. ఈ ధర్మము పూవునకు మాత్రమే కాదు. మగ్గము ముందు కూర్చున్నవాని విషయమునను, పడవలో వల లాగినవాని విషయమునను ఇదియే గీటురాయి.

మూటలో ఏమున్నదో ప్రయోగశాలలో తేల్చవచ్చును. ఆ మూటను ఎవరు పట్టుకొనిపోవుచున్నారో తేల్చుటకు మాత్రము చెట్టు క్రింద కూర్చుండవలెను. మిథ్యా పుప్పొడి గల జాతులు పెక్కు. వానిలో తేనెటీగ వచ్చి పోగుచేసికొనుట మనుష్యుడు కన్నులార చూచినవి కొద్దియే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన వృక్షశాస్త్రజ్ఞులు మన కోరింగ మడ అడవులలోను, తూర్పు కనుమలలోను ఏ పూవునకు ఏ కీటకము వచ్చునో ఓపికతో కనిపెట్టి వ్రాసిరి. ఆ పనికి విలువైన యంత్రములకంటె ముందుగా కావలసినది ఓపిక గల కన్నులు. సామర్లకోటలో నాటి చిత్రకారులకున్నవి అట్టి కన్నులే.

కాని చూచుటకు చెట్టు మిగిలియుండవలెను గదా! ఉప్పాడ తీరమును సముద్రము ఏటేట కోసివేయుచున్నది. ఇండ్లు పోయినవి, చెట్లు పోయినవి. కాకినాడకు పోవు తీరపు రోడ్డును తుఫాను కెరటములు పలుమార్లు దెబ్బతీసినవి. ఒడ్డున రాళ్ళు పేర్చి అడ్డుకొనుటకు మనుష్యులు ప్రయత్నించుచునే యున్నారు. సముద్రము తినునది కొంత; లోపలి భూములలో మనము కొట్టివేయునది కొంత. నేనెరిగిన పాత మామిడిచెట్లు కొన్ని ఇండ్ల స్థలముల కొరకును, కొన్ని చెరువుల కొరకును నేలకొరిగినవి. కొమ్మతో పాటు దానిని పట్టుకొనియున్న ఆర్కిడ్ కట్టెల మోపులో చేరినది.

ఒక చెట్టు కొట్టినచో పది మొక్కలు నాటితిమని మనము లెక్క చెప్పుకొందుము. ఆర్కిడ్ విషయమున ఆ లెక్క సరిపోదు. దాని విత్తనము ధూళికణము వంటిది. ఒక్క కాయలో వేలు, కొన్ని జాతులలో లక్షలకొలది విత్తనములుండును. వానిలో తల్లి కట్టి యిచ్చిన చద్దిమూట ఉండదు. గాలిలో తేలిపోయి తగిన బెరడుపై పడి, అచ్చట తగిన శిలీంధ్రము దొరికి, అది ఆహార మందించిననే మొలకెత్తును. పిమ్మట పూయుటకు ఏండ్లు పట్టును. గరుకైన పాత బెరడు, దానిలోని శిలీంధ్రము, పూవుకడకు వచ్చు కీటకము, ఆ కీటకము గూడు కట్టు చోటు, ఇవి అన్నియు కూడిననే ఒక ఆర్కిడ్. జాందానీ నేతలో పువ్వు గుర్తును చీరెమీద అచ్చు వేయరు; పడుగు పోగుల నడుమ చిన్న పోగును చేతితో చేర్చి నేయుదురు. పడుగు తెగినచో పువ్వు నిలువదు. ఈ మొక్కకు పాత చెట్టే పడుగు.

అడవులనుండి ఆర్కిడ్లను పెరికి అమ్ముకొనువారును ఉన్నారు. అందుచేతనే దేశముల మధ్య వీని వ్యాపారమును నియంత్రించు అంతర్జాతీయ ఒప్పందములో ఆర్కిడ్ కుటుంబ మంతటిని చేర్చిరి. చట్టము ఓడరేవు వద్ద కాపలా కాయగలదు. మన తోటలోని మామిడి కొమ్మ వద్ద కాపలా కాయవలసినవారము మనమే.

బాలబాలికలారా! మీలో ఒకరి పెరటిలోనో, బడికి పోవు దారిలోనో అట్టి కొమ్మ ఉండవచ్చును. పూచినప్పుడు దానిని కోయకుడు. కొంచెము దూరమున కూర్చుండి చూడుడు. ఉదయ మెవరు వచ్చిరి, మధ్యాహ్న మెవరు వచ్చిరి, పెదవిమీద నిలిచి యేమి చేసిరి, పోవునప్పుడు వీపుమీద ఏమి మోసికొనిపోయిరి, ఇవి ఒక పుస్తకములో తేదీ వేసి వ్రాసికొనుడు. మొదటి దినమున ఏమియు కనబడకపోవచ్చును. పదియవ దినమున ఒక చిన్న ఈగ రావచ్చును. ఆ పూవు దానికి పెట్టినది ఎరయో కూలియో, పుస్తకమును చూడక, మీరే చెప్పగలుగుదురు.